చిరునామాల మధ్య నిలువు గీత

ఎనభైల్లో సంతోష్‌నగర్‌లో ఓ మేడ మీద కంప్యూటర్ సెంటర్ ఉండేది. గౌలిపుర నుంచి బస్సులో వెళ్లి అక్కడ మూడు నెలలు ట్రయల్ మీద పనిచేశాను. బేగంబజార్ గిన్నెల వ్యాపారి కొత్త దుకాణం పెడుతూ గిరాకీలందరికీ ఆహ్వాన పత్రికలు పంపాలనుకున్నాడు. కవర్ల మీది చీటీలు చక్కగా అచ్చయితే పర్మనెంట్, లేదంటే ఇంటికే అన్నాడు మేనేజర్. ఆ కుర్చీ మీద నాకెంత ఆశో!

పేరు, ఇంటి నంబరు, గల్లీ, ఊరు: నాలుగు ముక్కలకు ఒక చీటీ. ఏ ముక్క ఎక్కడ ముగిసిందో యంత్రానికి తెలియాలంటే మధ్యలో ఓ గుర్తు పెట్టాలి. అది చిరునామాలో ఇంకెక్కడా రాకూడదు. కామా పెడదామంటే, "మసీదు ఎదురుగా, దవాఖానా వెనక, మెట్ల పక్కన" అని ఒక్కో గల్లీకి రెండేసి కామాలు. అడ్డగీతా వాలుగీతా అసలే కుదరవు, పాతబస్తీ ఇంటి నంబర్లలో అంకెల కన్నా గీతలే ఎక్కువ. తలప్రాణం తోకకొచ్చింది! చివరికి కీబోర్డు మూలన నిలువు గీత కనబడింది. ఫైలంతా వెతికిస్తే ఒక్కటీ లేదు. ఎగిరి గంతేశాను.

"మస్తుగుంది బేటీ, గా గీతని ఎవ్వరు వాడరు" అన్నాడు పక్క సీటు చాచా.

మర్నాడు మేనేజర్ ఎదుటే ప్రింటర్ నడిపాను. రెండో చీటీలో పేరు ఉండాల్సిన చోట దవాఖానా, ఇంటి నంబరు చోట హైదరాబాద్!

"ఏందమ్మా గిది? దుకానుకి దవాఖానా నడిసొస్తదా?" అన్నాడు మేనేజర్.

చాచా స్క్రీన్ చూసి పగలబడి నవ్వాడు. "పైన శ్రీ ఎవరు రాసిన్రు?"

"నేనే చాచా."

"రాస్తే రాసినవ్. అటొక గీత, ఇటొక గీత ఎందుకు పెట్టినవ్? మిషన్ గా రెండిటిని గూడ లెక్కవెట్టి ముక్కలన్ని రెండు జాగలు జరిపింది."

బడిలో ప్రతి పరీక్ష పేపరు పైనా అలాగే రాసేదాన్ని. పొద్దున ఉద్యోగం బెంగతో ఫైలు మొదట్లో చేయి దానంతటదే శ్రీ కొట్టేసింది. నా కొంప నేనే ముంచుకున్నాను! పోనీ తుడిచేద్దామంటే, ఉద్యోగం తేలే ఆ రోజే శ్రీని చెరపడానికి చేయి రాలేదు.

"ఫికర్ చెయ్యకు. మిషన్ సదవని కాడ రాసుకుందాం." చాచా బిస్మిల్లా అంటూ ప్రింటరు కాగితం అంచున పెన్సిల్‌తో 786 వేసి, పెన్సిల్ నాకిచ్చాడు. పక్కనే శ్రీ రాశాను, రెండు గీతలూ పెట్టి మరీ. తర్వాత ఫైలులోది తుడిచేసి, మళ్లీ ప్రింటర్ నడిపాను.

మేనేజర్ చివరి చీటీ దాకా చూసి, ఆ అంచు మీదే 786కీ శ్రీకీ కింద 'పర్మనెంట్' అని రాసి సంతకం పెట్టాడు. కళ్ల వెంట నీళ్లొచ్చేలా నవ్వుతూ నా కుర్చీలో కూలబడ్డాను.