ఇంటిపేరు వేరైతే రక్తం వేరా?

మా పెదనాన్న పెద్ద కూతురు, నాకు అక్క, పోయిన నెల కన్నుమూసింది. ఈ వార్త నాకు కుటుంబ వాట్సాప్ గ్రూపులో దీపం బొమ్మతో సహా అందింది. ఆ బొమ్మ పెట్టిన పెద్దమనిషే కాసేపటికి గులాబీ పువ్వుతో శుభోదయం కూడా పలికాడు. కింద అందరూ ‘అంతా విధి’ అని రాశారు. పాపం విధి! ఏ గ్రూపులోనూ లేదు కాబట్టి జవాబు చెప్పుకోలేదు.

అక్కకు పుట్టుకతోనే తలసీమియా. ఒంట్లో రక్తం సరిగ్గా తయారవదు. కొన్ని వారాలకోసారి ఆలూరు నుంచి కర్నూలుకు బస్సులో వచ్చి ఎక్కించుకునేది. నేను అక్కడే డిగ్రీ చదువుతున్నందున పక్కన కూర్చునే గౌరవం నాకు దక్కింది. ఎక్కించిన రక్తంలోని ఇనుము ఒంట్లో పేరుకుపోతుంది. చివరికి ఆమె గుండెను ఆపింది అదే. మా బంధువులేమో ‘పిల్లకు రక్తం తక్కువ’ అంటూ ఇనుము దండిగా ఉంటుందని ఖర్జూరాలు, మునగాకు మోసుకొచ్చేవారు. అక్క ఆ సంచి నా ఒళ్లో పడేసి, “పాత ఇనుప సామాన్లోడు వస్తే నన్ను చూపిచ్చొద్దురా, కాటా ఎక్కిచ్చేస్తాడు” అనేది.

జన్యువుల పాఠం కూడా అక్కడే, సూది చేతికి ఉండగానే చెప్పింది.

“రక్తం ఎట్ల చేయాల్నో ఒంట్లో రాసిపెట్టింటాది. రెండు నకళ్లు. అమ్మది ఒగటి, నాయనది ఒగటి. మన ముత్తాతల్లో ఎవరికో ఒగ అచ్చరం తప్పు పడింది. ఒగ నకలు తప్పైతే రెండోది చూసి ఒళ్లు నెట్టుకొస్తాది. నాకు రెండూ తప్పువే వచ్చినాయి.”

రాక ఏం చేస్తాయి? పెదనాన్న చేసుకున్నది సొంత మేనమామ కూతుర్ని. ఇద్దరికీ ఒకే తాత నుంచి, అంటే మా ముత్తాత నుంచి, ఒకే తప్పు వచ్చింది. కానీ మా వంశంలో మహత్తరమైన శాస్త్రం ఒకటుంది: ఇంటిపేరు వేరైతే రక్తం వేరు. ఆ శాస్త్రం ప్రకారమే అక్క చెల్లెలికి బద్వేలు మేనత్త కొడుకును ఖాయం చేశారు. పెళ్లికి ముందు ఇద్దరికీ రక్తపరీక్ష చేయించమని అక్క పట్టుబట్టింది.

“ఖాయమైనాక రక్తం అడిగితే మీ అత్త ఏమనుకుంటాదిమ్మా?” అన్నాడు పెదనాన్న.

“జాతకం అడిగితే ఏమీ అనుకోలేదు కద నాయనా! నేను బతికుండంగనే చేయిచ్చు. నన్ను చూసినోళ్లకే ఇంత ధైర్యముంటే, చూడనోళ్లకు ఇంకెంత ఉంటాదో.”

చేయించలేదు.

దినం రోజు భోజనాల దగ్గర మేనత్త భర్త, అంటే మా మామ, పప్పు కలుపుకుంటూ సెలవిచ్చాడు: “నలుగురు పిల్లోల్లల్లో ఒగరికి వస్తాదంట. అది ఈ పిల్లకి వచ్చిపాయ. ఇంగ ఈ ఇంటికి భయం లేదు.”

ప్రతి కాన్పుకూ ఆ ప్రమాదం మళ్లీ అంతే ఉంటుందని అక్క వీళ్లకు చెప్పని రోజు లేదు. నా చేతిలో సాంబారు బకెట్ ఉంది. ఎక్కడ పోయాలో నాకు స్పష్టంగా తెలిసింది. ఇంతలో వడ్డిస్తున్న చెల్లి గరిటె కింద పెట్టింది.

“మామా, పరీక్షకు పోతాండా. బావ కూడా రావల్ల. రాకుంటే పెండ్లి లేదు.”

“దినం పూట ఏం మాటలే అవి?” అని పెదనాన్న కసిరాడు. చెల్లి అక్కడి నుంచి కదల్లేదు.

ఆమె పరీక్ష ఫలితం వచ్చింది. ఒక నకలులో తప్పుంది. తనకేమీ కాదు. బావకూ అదే ఉంటే మాత్రం, పుట్టే ప్రతి బిడ్డకూ అక్క బతుకే రాసిపెట్టి ఉండొచ్చు. అత్త నాలుగు రోజులు అన్నం మానేసింది. అయినా బావ నిన్న బద్వేలు నుంచి కర్నూలుకు ఒక్కడే వచ్చాడు. సూదిని చూడలేక గోడ వైపు తిరిగి చెయ్యి చాపాడు.

“అయిపాయప్పా, పిడికిలి వదులు” అంది నర్సు.

చెల్లి అతని చేతినే చూస్తోంది. నర్సు సీసా మీద పేరు అంటించి తీసుకెళ్లిపోయింది. పిడికిలి మాత్రం బిగిసే ఉంది.