మొదటి జవాబు నమ్మని మావగారు

మావగారికి మొదటి జవాబు మీద నమ్మకం లేదు. ఎవరేం చెప్పినా, కాసేపాగి అదే ప్రశ్న మళ్ళీ అడిగితేగాని ఆయన ప్రాణం కుదుటపడదు. అల్లుడు మొదటిసారి ఆ ఇంటికెళ్ళిన రోజు, "మందు అలవాటుందా?" అన్నారు. "లేదండీ" అన్నాడు. పది నిమిషాలు గోడగడియారం చూస్తూ కూర్చుని, "ఇప్పుడు చెప్పు, అలవాటుందా?" అన్నారు. పాపం, లేని అలవాటు ఒప్పేసుకుని బయటపడదామా అనుకున్నాడు అల్లుడు.

ఇదంతా బస్సు డిపోలో ముప్ఫై ఏళ్ళు బండ్లు తనిఖీ చేసి సంపాదించిన విద్య. "ఇంజినాపి పది నిమిషాలాగాలి, ఆయిల్ కిందికి దిగాలి. ఆయిల్ కొలిచే పుల్ల మొదటిసారి తీస్తే అబద్ధం చెబుతుందయ్యా! తుడిచి, మొదలంటా దించి, మళ్ళీ తీసి చూడాలి. మనుషులూ అంతే" అనేవారు.

అల్లుడు పాత కారు కొని టాక్సీగా తిప్పడం మొదలుపెట్టాడు. ఇల్లు గడిచేది దాని మీదే. కొన్న రోజే, "మీ సాయం లేకుండా నడుపుకుంటాను మావయ్యగారూ" అని మొహం మీదే చెప్పేశాడు. ఆ వారం నుంచే రెండు వీధుల అవతలి మావగారు రోజూ తెల్లారేసరికి ప్రత్యక్షం! బానెట్ ఎత్తడం, నేల చదునుగా ఉందా అని బండి కింద గోళీ దొర్లించడం, పుల్ల తీయడం.

"నా మీద అనుమానం కాకపోతే ఏమిటే ఇది?" అని భార్య మీద ఎగిరేవాడు అల్లుడు.

"నాన్నకి నా మీదా అనుమానమే. అన్నం తిన్నానని ఎప్పుడైనా ఒక్కసారికే నమ్మారా?"

ఒకరోజు మెకానిక్ ఇంజిన్ రైజ్ చేసి, వెనక నీలం పొగ చూసి నోరెళ్ళబెట్టాడు. "పిస్టన్ రింగులు అరిగిపోయాయన్నా. ఇది ఆయిల్ తాగేస్తోంది. అయినా పుల్ల మీద పై గీత దాకా ఉందే! నువ్వు పోస్తున్నావా?"

"చుక్క కూడా పోయలేదు."

"అయితే నీ ఇంజిన్ ఎప్పుడో బిగుసుకుపోయి ఆగిపోవాలి. ఎవరో పోస్తున్నారు."

మర్నాడు అల్లుడు కిటికీ చాటున నక్కాడు. మావగారు పుల్ల తీశారు, తుడిచారు, దించారు, మళ్ళీ తీశారు. దొంగలా అటూ ఇటూ చూసి, చేతిసంచీలోంచి సీసా తీసి ఇంజిన్‌లో కాస్త ఒంపారు. ఇన్నాళ్ళూ నేను తిట్టుకున్నది ఈ మనిషినా అనుకుంటూ అల్లుడు బయటికి నడిచాడు.

"ఎన్నాళ్ళ నుంచి మావయ్యగారూ?"

మావగారు సీసా వెనక్కి దాచారు. "ఇవాళే! ఏదో కాస్త తగ్గినట్టుంటేనూ..."

అల్లుడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కాసేపాగి, "ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు.

"బండి కొన్న వారం నుంచి" అని గొణిగారు. "అడిగితే వద్దంటావాయె."

అల్లుడు ఆయన చేతిలోంచి సీసా అందుకున్నాడు. "రింగులు మార్పించాలి. మీరు పక్కన లేకపోతే ఆ మెకానిక్ నన్ను ముంచేస్తాడు. వస్తారా?"

మావగారి మొహం వెలిగిపోయింది. అది కనబడకుండా కళ్ళు చిట్లించారు. "వాడి వాలకం చూస్తేనే నాకు అనుమానం. పద పద!" అంటూ గబగబా వెళ్ళి ముందు సీట్లో కూర్చున్నారు. ముప్ఫై ఏళ్ళు తనిఖీ చేసిన మనిషి ఆయిల్ మూత పెట్టడం మరిచిపోయారు. అల్లుడు నవ్వుకుంటూ మూత బిగించి బానెట్ దించాడు.