హనోకు ముందు ఊరి ముచ్చట ఎత్తొద్దు

ఊరి సంగతి ఎవరు తప్పు చెప్పినా హనోకు ఊరుకోడు. చెప్పింది పాస్టరు గారే కానీ, పెండ్లిపీటల మీది పెండ్లికొడుకే కానీ, లేచి నిలబడి "తప్పు!" అని అరవాల్సిందే. నవీపేట్ దగ్గర ఆ అరవై గడపల ఊళ్లో ఏ తోటలో మొదటి చెరుకు ఎప్పుడు నాటారో, ఏ ఇంటి దూలం ఎవరి బండి మీద వచ్చిందో ఆయనకు కంఠోపాఠం. వస్తే వచ్చిందయ్యా, కడుపులో పెట్టుకోవచ్చు కదా! పెట్టుకోడు.

కాశయ్య పోయినప్పుడు ఏం చేశాడు? చర్చిలో పెట్టె చుట్టూ చేరి అందరూ ఏడుస్తున్నారు. "కాశయ్య తన జీవితంలో ఒక్క ఆదివారం కూడా ఆరాధన మానలేదు" అన్నాడు పాస్టరు గారు.

"తప్పు అయ్యగారూ! చెరుకు నరుకుడు జోరుమీదున్న యేడు రెండు ఆదివారాలు రాలే. గంట కొట్టేటోన్ని, నాకెర్క లేదా?"

కాశయ్య పెండ్లాం ఈరవ్వ ఏడుపు ఆపేసి హనోకును తిట్టడానికి కూర్చుంది.

కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు కొన్న జగన్మోహనరావు ఓసారి బడి పండుగలో మైకు పట్టుకుని, "మేం రాకముందు ఇక్కడంతా ముళ్లపొదలేనండీ" అన్నాడో లేదో, "తప్పు! గాడ మా నాయిన జొన్నలేసిండు. మీరొచ్చిన కొత్తల తిన్న రొట్టెలు గవ్వే!" అని కింది నుంచి కేక. రావుగారు మళ్లీ మైకు ముట్టలేదు.

అందరికంటే ఎక్కువ ఒళ్లు మండింది బాలవ్వకు. మొగుడు పోయాక ఇందల్వాయి నుంచి అక్క జ్ఞానమ్మను నమ్ముకుని వచ్చి, ఆమె ఇంట్లో చోటు చాలక ఊరి చివర గుడిసె వేసుకుంది. కోత పండుగకు చర్చి అలికేది ఆమె. పురుడైనా పీనుగైనా ముందు చేరేది ఆమె. అయినా సరే, "మన ఊళ్లె ఎనుకట..." అని నోరు తెరిస్తే చాలు.

"ఎనుకట నువ్వు ఇందల్వాయిలున్నవ్. వచ్చి తొమ్మిదేండ్లే!"

"నీ నోరు పడిపోను! సచ్చినంక నా సమాధి మీద గూడ గిదే రాయిస్తవా?"

"రాయిస్త. నాకేం భయమా?"

బాలవ్వ ఆ రోజంతా గొణుక్కుంటూనే ఉంది. తొమ్మిదేళ్లు ఈ మట్టిలో చెమట కార్చినా తను పరాయిదేనా? ఎంత అన్యాయం!

ఆ యేడు వానల ముందు రెవెన్యూ గిర్దావరు ఊళ్లోకి వచ్చాడు. పన్నెండేళ్లుగా కాపురం ఉన్నవాళ్లకే ఇంటి జాగా కాగితం ఇస్తారట. మిగతావాళ్లు గుడిసెలు ఎత్తేయాలట. మరి బాలవ్వ? ఎక్కడికి పోతుంది? ఇందల్వాయిలో ఆమెకు మొండిగోడ కూడా మిగల్లేదు.

చర్చి ముందు బల్ల వేసుకుని గిర్దావరు ఒక్కొక్కరినీ పిలిచాడు.

"హనోకును అడుగుండ్రి సారూ" అన్నాడు పట్వారీ ఆత్మారాం. "కన్నతల్లి మాటకూ తప్పు పట్టేటోడు. ఆయన చెప్పింది కండ్లు మూసుకొని రాసుకోవచ్చు."

హనోకు మొదలుపెట్టాడు. పోశయ్య ఇరవై రెండేళ్లు. భీమన్న పదిహేడు.

"పద్దెనిమిది గదనే!" అన్నాడు భీమన్న.

"తప్పు! పదిహేడే!"

పదిహేడైనా పద్దెనిమిదైనా భీమన్నకు కాగితం ఎటూ వస్తుంది. అయినా ఒక్క యేడు వదిలాడా ఈ మహానుభావుడు? లేదు. అది చూసి బాలవ్వ తన గుడిసె ఇక పోయినట్టే అనుకుంది.

"ఈమెనో?" అన్నాడు గిర్దావరు.

హనోకు తల గోక్కున్నాడు. లెక్క అడిగితే తల గోక్కోవడం ఆయన పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

"పన్నెండు" అన్నాడు.

ఊరంతా నోరు తెరిచింది. "తొమ్మి..." అనబోయింది బాలవ్వ. ఏం చేస్తుంది పాపం, అది ఆమెకు నూరిపోసింది ఆయనే కదా!

"నువ్వు ఊకో!" హనోకు ఉరిమాడు. "నీకు ఎన్నడన్న సక్కగ యాదికున్నదా? పన్నెండు! రాసుకోండ్రి సారూ!"

గిర్దావరు కలం ఆపి జనం వంక చూశాడు. భీమన్న గొంతు సవరించుకుని, "హనోకన్న అన్నడంటె ఇగ తిరుగులేదు సారూ" అన్నాడు.

"మా ఆయన పీనుగ ముంగటనే అబద్ధం ఒప్పుకోలే. ఇప్పుడు ఆడుతడా?" అంది ఈరవ్వ.

గిర్దావరు రాసుకుని కాగితం చేతికిచ్చాడు.

కాగితం కొంగున ముడేసుకుని బాలవ్వ తిన్నగా హనోకు ఇంటి మీదికి పోయింది.

"చర్చి ముంగట నిలబడి అబద్ధమాడినవ్! నాకోసం! నీ కండ్లు పోను, ఆ పాపం నాకు తలుగదా?"

హనోకుకు రోషం పొడుచుకొచ్చింది. "ఎవడాడిండు అబద్ధం? జర ముందుగాల చెప్పిన, గంతే. ఇంక మూడేండ్లు ఈడనే ఉండు, నిజమైతది."

"అంటే? నీ మాట నిలబెట్టెతందుకు నేను మూడేండ్లు బతకాలెనా?"

"బతకాలె! నడుమల సచ్చి నా పరువు తియ్యకు."