మంచాల మీద మిరపకాయలు

విశ్రాంతమ్మకు ఆ పేరు పెట్టిన పాస్టరుగారు ఇప్పుడు లేరు గానీ, ఉంటే ఒకసారి వచ్చి చూసి నాలుక కరుచుకునేవారు. పొద్దున్నే పొయ్యి ముట్టించింది మొదలు ఆ మనిషి కాలు ఒకచోట నిలవదు, నోరు అసలే నిలవదు. ములకలపల్లి దాటాక అడవి అంచున ఉన్న ఒక చిన్న ఊళ్లో, దవాఖానా వెనక సర్కారువారు నడిపే తల్లుల గదికి ఆమె వంటమనిషి. వంటమనిషి అన్నది జీతం ఇచ్చేవాళ్ల మాట. ఆమె లెక్కలో మాత్రం ఆమె ఆ గదికి అత్తగారు.

ఆ గది సంగతి కొంచెం చెప్పాలి. వానాకాలం వచ్చిందంటే వాగు పొంగి, అవతలి తండాలకూ గూడేలకూ దారి మూసుకుపోతుంది. నొప్పులు మొదలయ్యాక బయల్దేరితే నీళ్లు దారివ్వవు. అందుకని నెలలు నిండినవాళ్లు ముందే వచ్చి ఇక్కడ ఉండండి, తిండి మేం పెడతాం, తోడొచ్చిన మనిషికి కూడా పెడతాం అని సర్కారు ఆ గదికి నిధులిస్తోంది. బియ్యం, పప్పు, గుడ్లు, పాలు, విశ్రాంతమ్మ జీతం, నెత్తిమీద తిరిగే ఫ్యాను, అన్నీ ఆ నిధుల్లోవే. నాలుగు ఇనుప మంచాలు కూడా వచ్చాయి. తంటా అంతా ఆ మంచాలతోనే వచ్చిపడింది.

వాటి మీద ఎవరూ పడుకోరు. అందరూ నేల మీద చాపలు పరుచుకుంటారు.

"నులక మంచమైతే ఒళ్లో పెట్టుకుంటది పెద్దమ్మా. గీ ఇనుపది పక్కకు మర్లితే కింద పడేస్తది. కడుపుతోని పడితే ఎవరు జవాబు?" అని మొదటిరోజే తేల్చేసింది మోతీ. వాగు అవతలి తండా పిల్ల, తొలిచూలు, మనిషి పిడికెడంత ఉన్నా మాట ఇటుకంత గట్టిగా ఉంటుంది. మిగతా ముగ్గురు తల్లులూ దానికే సై అన్నారు.

ఖాళీ మంచాలు చూస్తే విశ్రాంతమ్మ చేతులు ఊరుకుంటాయా. తేమకు మెత్తబడుతున్నాయని ఒక మంచం మీద మిరపకాయలు పోసింది. ఇంకోదాని మీద కందులు. మిగిలిన రెండింటి మీద తడి చీరలు. పైన సర్కారు ఫ్యాను, కింద సర్కారు మంచం, ఇంత సుఖం ఆ మిరపకాయలు చేలో కూడా ఎరగవు.

సరిగ్గా ఆ వారమే కొత్తగూడెం నుంచి నిర్మలాదేవి వచ్చింది. ఇలాంటి గదులన్నీ తిరిగి చూసే ఆఫీసరు ఆవిడ. తల్లులు నలుగురూ పరీక్షలకని దవాఖానాలోకి వెళ్లిన సమయంలో వచ్చింది. గదిలో మనిషన్నవాళ్లు లేరు, మిరపకాయలు ఉన్నాయి. ముందు గట్టిగా తుమ్మింది, తర్వాత అడిగింది.

"ఏమ్మా, ఇది తల్లుల గదా, మీ ఇంటి కొట్టుగదా?"

విశ్రాంతమ్మ గబగబా తడి చీరలు లాగి చంకన పెట్టుకుంది.

"మంచాలు ఇలా ఉంటే ఇక్కడికి ఎవరూ రావట్లేదనే పైవాళ్లు అనుకుంటారు. అనుకున్నారంటే వచ్చే ఏడు నిధులు ఇవ్వరు, గదికి తాళం పడుతుంది. వచ్చే వారం మళ్లీ వస్తాను. మంచాల మీద మనుషులు కనబడాలి" అని చెప్పి నిర్మలాదేవి జీపెక్కింది.

తాళం అన్న మాట విశ్రాంతమ్మ గుండెలో గుచ్చుకుంది. జీతం పోతుందని కాదు. ఆమె భర్త అంతోనయ్య మణుగూరు బొగ్గుగనిలో పనిచేసి రిటైరైనవాడే, ఇద్దరికీ తిండికి లోటు లేదు. అసలు బాధ వేరు. ఆమె మొదటి కాన్పు ఆ వాగు ఒడ్డునే అయింది. నీళ్లు తగ్గుతాయని ఎడ్లబండిలో ఎదురుచూస్తుండగానే అయింది. ఆ బిడ్డ దక్కలేదు. తర్వాత కూతురు తబితా పుట్టింది, పెరిగింది, పెళ్లయి వెళ్లింది. అయినా ఇప్పటికీ వాన చప్పుడు వింటే విశ్రాంతమ్మకు కన్ను మూతపడదు. ఇన్నేళ్లకు వాగుకు ఇవతల ఒక గది వస్తే, దాన్ని మిరపకాయల పాలు చేసుకున్నానే అని తనను తానే తిట్టిపోసుకుంది.

మర్నాడే మంచం పాఠాలు మొదలయ్యాయి. ఎక్కినవాళ్లకే గుడ్డు అని విశ్రాంతమ్మ చట్టం చేసింది. గుడ్డు సర్కారుది, చట్టం ఆమెది. గుడ్డు కోసం ముగ్గురు ఎక్కారు. ఒకామె బస్సు పైకెక్కినట్టు రెండు చేతులా కమ్మీ పట్టుకుని కళ్లు మూసుకుంది. మోతీ మాత్రం చాప వదల్లేదు.

"నిన్ను ఏనుగెక్కమన్ననా బిడ్డా, మంచమెక్కమన్న. నీ ఒక్కదాని మొండితనానికి గీ గదికి తాళం పడాల్నా?" అని విశ్రాంతమ్మ అందరిముందూ కసిరింది.

మోతీ చాప మీద అటు తిరిగి పడుకుంది. గుడ్డు అడగలేదు.

ఆఫీసరు వచ్చే రోజు పొద్దున చూస్తే మోతీ చాప చుట్టేసి గోడకు ఆనించి ఉంది. మోతీ లేదు, తోడుగా వచ్చిన ఆమె అత్త లేదు.

"తెల్లారంగనే ఆటోల పోయిండ్రు" అన్నారు మిగతావాళ్లు.

విశ్రాంతమ్మ బయటికొచ్చి చూసింది. గుట్టల మీద మబ్బు నల్లగా దిగుతోంది. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది, ముగ్గురు తల్లులు మంచాలెక్కి సిద్ధంగా ఉన్నారు, ఆఫీసరు దారిలో ఉంది. గది నిలబెట్టుకోవాలంటే తాను అక్కడ ఉండాలి. కానీ ఎవరి కోసమైతే ఆ గది కట్టారో ఆ పిల్లే వాగు అవతల ఉంది. పంపింది ఎవరో కాదు, తనే. ఆ సంగతి తట్టగానే పొయ్యి ఆర్పి, గరిటె పక్కన పడేసి, గొడుగు కూడా మరిచి బయల్దేరింది.

ఊరు దాటాక మలుపు దగ్గర జీపు ఎదురైంది.

"ఎక్కడికమ్మా? నేను మీ దగ్గరికేగా వస్తున్నాను" అంది నిర్మలాదేవి.

"మీరు తర్వాత వద్దురు గని మేడం, ముందుగాల నేనే మీ దగ్గరికొస్తున్న" అంటూ విశ్రాంతమ్మ తలుపు తీసి ఎక్కేసింది. ఎక్కాక జరిగింది చెప్పింది. గుడ్డు చట్టం సంగతి కూడా దాచలేదు.

నిర్మలాదేవి ఆకాశం వైపు చూసింది. "సీతయ్యా, వాగు వైపు పోనీ" అంది డ్రైవరుతో.

తండాలో మోతీ గడప మీద కూర్చుని ఉంది. దారి పొడుగునా కూర్చుకున్న తిట్లన్నీ విశ్రాంతమ్మకు అక్కడ గుర్తురాలేదు.

"తప్పు నాదే బిడ్డా. మంచం మంచం అని నేనే నిన్ను వాగు దాటించిన. జల్దీ నడువు."

"కిందనే పండుకుంటనంటే వస్త."

"కిందనే పండుకో. నేను గూడ నీ పక్కకే పండుకుంట."

"గుడ్డు?"

"రెండు పెడత. లే."

మోతీ లేచింది. ఆమె అత్త కూడా లేచింది, పొదుగుతున్న కోడిపెట్టను గంపతో సహా ఎత్తుకుని. పెట్ట గుడ్లను వదిలి రాదట. ఆఫీసరు జరిగి కోడికి చోటిచ్చింది.

తిరిగి వచ్చేసరికి వాగు దాటే పల్లపు వంతెన కాజ్‌వే మీద నీళ్లు పారుతున్నాయి. చక్రాలు సగం మునిగాయి. మోతీ చెయ్యి ఒకటి నిర్మలాదేవి చేతిలో ఉంది, ఇంకోటి విశ్రాంతమ్మ చేతిలో ఉంది. విశ్రాంతమ్మ గొంతెత్తి చర్చిపాట అందుకుంది.

"అమ్మా, ఆ పాట బతికినోళ్లకు పాడేదేనా?" అన్నాడు సీతయ్య, వెనక్కి చూడకుండా.

"పాడుతుంటే బతుకుతరు. నువ్వు దారి చూడు."

ఒడ్డెక్కారు. మధ్యాహ్నానికి కాజ్‌వే కనబడలేదు.

గదిలో ఇంకో వినోదం కాచుకుని ఉంది. మంచాలెక్కిన ముగ్గురూ ఎంతకీ ఎవరూ రాక, నడుములు పట్టేసి దిగిపోయారు. దిగి ఊరుకోక, మంచాలు ఖాళీగా ఉన్నాయి కదా అని మిరపకాయలు మళ్లీ ఆరబోసి పెట్టారు. నిర్మలాదేవి గడపలోనే మళ్లీ తుమ్మింది.

పొద్దు గూకకముందే దవాఖానాలో మోతీకి ఆడపిల్ల పుట్టింది. అప్పటిదాకా నిర్మలాదేవి వెళ్లలేదు. పిల్లను చూశాక వచ్చి చాప మీద కూర్చుని ఫోను తీసింది.

"పైవాళ్లకు ఏం రాయమంటారు విశ్రాంతమ్మగారూ?"

"ఉన్నదున్నట్టు రాయండి మేడం. మంచాల మీద మిరపకాయలున్నయ్, చాపల మీద తల్లులున్నరు. ఇయ్యాల వాగు అవతల మాత్రం ఒక్కరు గూడ లేరు."

అదే రాసిందో, ఇంకా బాగా రాసిందో మనకు తెలియదు. మరుసటి ఏడు నిధులు మాత్రం వచ్చాయి, వాటితో పాటు నేల మీద పరుచుకునే మందపాటి పరుపులు కూడా వచ్చాయి. ఎట్లుంటయో చూద్దామని ఒకదాని మీద ముందుగా నడుం వాల్చింది విశ్రాంతమ్మే. అన్నాల వేళ దాటింది, బయట వాన మొదలైంది, గట్టిగానే కురుస్తోంది. నలుగురు తల్లులు గదిలోనే ఉన్నారు. విశ్రాంతమ్మకు నిద్ర పట్టేసింది.