నా అతుకు ఇరగలేదు

ఆ రోజుల్లో మద్రాసు పోయి పని నేర్చుకొని వచ్చినోడికి ఊర్లో ఎవురూ ఎదురు చెప్పకూడదని నా గట్టి నమ్మకం. మాది కమ్మరి ఇల్లు. నేను నాయన కొలిమి వదిలేసి, గ్యాసు వెల్డింగు నేర్చుకొని, గిద్దలూరులో బస్సుల షెడ్డులో చేరినా. కొమరోలులో కొలిమి నడిపే మా మేనమామ మాత్రం, "ఇనుముతో తొందర పనికిరాదు రా" అని నవ్వినాడు. తన కూతుర్ని నాకిస్తానని మాటిచ్చిన రోజు కూడా అదే నవ్వు. నాకు ఒళ్లు మండింది.

అవి యుద్ధం రోజులు. పెట్రోలు కరువై బొగ్గు గ్యాసుతో నడిచే మా బస్సుకు కమాను పట్టీ (చక్రాల మీద బరువు మోసే ఉక్కు బద్ద) ఇరిగింది. కొత్తది దొరకదు. నేనే అతికినా. గట్టిగా ఉండాలని మంట రెండింతల సేపు పట్టి, ఎర్రగా ఉండంగానే బిందెడు నీళ్లు కుమ్మరించినా. ఆ సుయ్యిమనే చప్పుడుకు షెడ్డంతా చేరినారు. (చప్పుడొస్తే పని బాగా అయినట్టు మాకు లెక్క.) ఇంక ఆ బస్సులోనే నా పెళ్లికి పోవాలని పట్టుబట్టినా. "బండ్లు కట్టుకుందాం రా. మధ్యాన్నానికే లగ్గం, తప్పితే ఈ ఏడు ఇంకోటి లేదు" అని నాయన బతిమాలినాడు. నేను వింటే కదా.

కొమరోలు ఇంకో రెండు మైళ్లుందనంగా బస్సు గుంతలో పడింది. ఠప్పుమని ఓ పక్కకు ఒరిగి కూచుంది. అమ్మ ఏడుపు, ముత్తైదువుల తిట్లు. కబురందుకొని మామ ఎద్దులబండి తోలుకొచ్చినాడు. పెళ్లికొడుకును పలకరించకుండా నేరుగా బస్సు కిందికి దూరినాడు. పట్టుపంచెతోనే నేనూ దూరినా.

"నా అతుకు ఇరగలేదు మామా, పక్కన ఇరిగింది" అన్నా.

"అదే రా నేను చెప్పేది. ఇరిగిన చోట చూడు, కల్లుప్పు మాదిరి రవ్వలు. మంచి ఉక్కు ఇరిగితే సన్న పిండి మాదిరి ఉంటాది. నువ్వు ఎక్కువసేపు కాలిస్తే అతుకు పక్కన రవ్వ పెరిగింది, నీళ్లు పోస్తే పెళుసెక్కింది. బూడిదలో పెట్టి నిమ్మళంగా ఆరనీయాల్సింది."

"అయితే అతుకు గట్టిదనే గదా?"

మామ నన్ను ఎగాదిగా చూసినాడు. "బండెక్కు అల్లుడా, లగ్గం దాటిపోతాంది."

దాటేలోపే, పంచెకు గ్రీజు మరకలతో తాళి కట్టినా. మూడోనాడు మామ కొలిమి దగ్గరికి పోయి, "నేర్చుకోడానికి రాలేదు, ఊరికే చూసిపోదామని వచ్చినా" అని ముందే చెప్పినా. ఆయన ఆ ఇరిగిన పట్టీని అతికి, బూడిదలో పూడ్చి, తెల్లారేదాకా తియ్యనియ్యలేదు. బస్సుకు ఎక్కించినాక అది కొంచెం వంగింది గానీ మళ్లీ ఇరగలేదు. (వంగిన సంగతి మాత్రం నలుగురికీ చెప్పినా.)

తర్వాత జీవితమంతా, నేను తప్పు ఒప్పుకోకుండా మొండికేసినప్పుడల్లా నా భార్య వంటింట్లోంచి, "నీ అతుకు ఇరగలేదులే, పక్కన ఇరిగింది" అనేది. ఆమె పోయి చానా ఏండ్లయింది. ఇప్పటికీ ఎవురితోనన్నా వాదులాడి ఇంటికొస్తే, చెవి వంటింటి వైపే పోతాది. ఎవురూ అనరు. నేనే ఆ మాట అనుకొని నవ్వుకుంటా.

అయినా, ఆ అతుకు ఇరగలేదు.