నేను కత్తిరించిన తొమ్మిది నిమిషాలు

2023 వానాకాలం. గద్వాలలో చేనేత సంఘం హాలు. మధ్యాహ్నం మూడు గంటలకు కిటికీలన్నిటికీ నల్లగుడ్డలు కట్టి, ఎదురుగోడకు తెల్లతెర బిగించి, స్టూలు మీద ప్రొజెక్టర్ పెట్టుకుని కూర్చున్నాను. స్టూలు ఎత్తు చాలక కింద నాలుగు ఇటుకలు పెట్టాను. ముప్పై ఒక్క ఏళ్లు సినిమాహాల్లో ఆపరేటర్‌గా చేసినవాణ్ణి నేను. ఆపరేటర్ అంటే ప్రొజెక్షన్ గదిలో ఉండి సినిమా ఆడించేవాడు. తెర మీద బొమ్మ ఆగితే జనమంతా తల వెనక్కి తిప్పి తిట్టేది అతన్నే. బొమ్మ సరిగ్గా ఆడినంతసేపు వెనక ఒక మనిషి ఉన్నాడని ఎవరికీ గుర్తుండదు.

రీళ్లు పోయి, సినిమా ఉపగ్రహం నుంచి దిగడం మొదలయ్యాక నా పని ఒక బటన్ నొక్కడానికి వచ్చింది. ఆ తర్వాత మా హాలు కాస్తా ఫంక్షన్ హాలైంది. నన్ను మాత్రం పాతసామానుతో పాటు అక్కడే ఉంచారు, జనరేటర్ చూసుకొమ్మని. కరెంటు పోతే వెయ్యాలి, వస్తే ఆపాలి. ఆ రెండేళ్లు నాకు అన్నం సహించలేదు. ఇంట్లో ఎవరు పలకరించినా కసిరేవాణ్ణి.

నన్ను ఆ జనరేటర్ దగ్గర నుంచి లేపింది సుజాత మేడం. తెలకపల్లి అమ్మాయి, లైబ్రేరియన్. వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల, ఒక్కో ఊళ్లో నెలకొక ఆదివారం మంచి సినిమాలు చూపిస్తానని పట్టుబట్టింది. ఎక్కడెక్కడి దేశాల పాత సినిమాలకో ఉత్తరాలు రాసి అనుమతులు తెప్పించింది. మాటలకు తెలుగు అర్థం తనే రాసుకుని, మైకులో మెల్లగా చదివేది. ఆడించడానికి మనిషి కావాలంటే ఎవరో నా పేరు చెప్పారట. "జీతం ఏమీ రాదు కిష్టయ్య గారూ, టీ మాత్రం ఇప్పిస్తా" అంది. నేను టీ గురించి కూడా అడగలేదు, వెంటనే ఒప్పుకున్నాను.

ముందు నాకు ఆ సినిమాల మీద పెద్ద గౌరవం లేదు. పాటల్లేవు, ఫైట్లు లేవు, సగానికి రంగే లేదు. వనపర్తిలో మొదట మాటల్లేని కామెడీ ఒకటి వేశాం. ఒక బక్కమనిషి నిచ్చెన మోసుకుంటూ ఊరంతా తిరుగుతాడు, అంతే కథ. కాలేజీ పిల్లలు బెంచీల మీద నుంచి కిందపడి నవ్వారు. నాగర్‌కర్నూల్‌లో సస్పెన్స్ సినిమా. హంతకుడు చివరిదాకా కనిపించడు, వాడి చెప్పుల చప్పుడు మాత్రం వినిపిస్తుంది. దయ్యాల సినిమా వేసినప్పుడైతే దయ్యం అసలు రానేలేదు. ఖాళీ ఉయ్యాల ఒకటి ఊగింది. బల్మూర్ నుంచి వచ్చిన ఒక రైతు "దయ్యం వచ్చుంటే గింత భయం గాకపోవు సారూ" అని నాతో చెప్పి, చీకటి పడకముందే బస్సెక్కాడు. అప్పటి నుంచి నాకూ కొంచెం రుచి తగిలింది.

గద్వాల దగ్గరే దెబ్బ తిన్నాం. జులైలో బావి తవ్వే ఒక కుటుంబం సినిమా వేశాం. గంట గడిచేసరికి నేతవాళ్లు ఒక్కొక్కరే లేచిపోయారు. చివరికి ఆరుగురు మిగిలారు. అందులో సంఘం ప్రెసిడెంటు వెంకటస్వామి కుర్చీలో గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. లేచి ఖాళీ హాలు చూసి నా దగ్గరకు వచ్చాడు.

"కిష్టన్నా, ఏమనుకోకు. యోగా నేర్పెటోళ్లు హాలు కావాలని ఎంటబడుతున్నరు. వచ్చే నెల ఒక్కసారి చూస్త. గప్పుడు గూడ జనం లేసిపోతే హాలు వాళ్లకిస్త. మనసుల పెట్టుకోకు."

మనసులో పెట్టుకోకుండా ఎట్లా ఉంటుంది? గద్వాల పోతే మిగతా రెండు ఊళ్లూ ఎన్నాళ్లుంటాయో తెలియదు. నాకు ఆ జనరేటర్ పక్క ప్లాస్టిక్ కుర్చీ కళ్లముందు కనిపించింది. మళ్లీ అక్కడ కూర్చోవడం నావల్ల కాదు.

ఆగస్టుకు సుజాత మేడం ఎంచిన సినిమా ఏటి ఒడ్డున తుంగచాపలు అల్లే ఒక ఆడమనిషిది. చెల్లెలితో మాటలు బందై ఏళ్లయింది. చెల్లెలు ఊరికి వస్తుందని తెలిసి ఒక చాప అల్లుతుంది. నేను ముందురోజు ల్యాప్‌టాప్‌లో చూశాను. మధ్యలో తొమ్మిది నిమిషాలు ఆమె చాప అల్లుతూనే ఉంది. మాట లేదు, సంగీతం లేదు, తుంగ చప్పుడు తప్ప. ఈ తొమ్మిది నిమిషాల్లో హాలు ఖాళీ అవుతుందని నాకు అనుమానమే లేదు.

ఇక్కడ మా వృత్తిలోని ఒక సంగతి చెప్పాలి. మా హాల్లో సినిమాకు కొలత బస్సు. మ్యాటినీ తర్వాత ఇటిక్యాల వైపు పోయే బస్సు ఒకటే ఉండేది. సినిమా కాస్త పొడుగైతే ఆ ఊళ్లవాళ్లు క్లైమాక్స్ వదిలేసి పరుగెత్తేవాళ్లు, మర్నాడు ఆ ఊళ్ల నుంచి ఎవరూ రారు. అందుకని ఓనరు "ల్యాగ్ తీసెయ్ కిష్టయ్యా" అనేవాడు. ల్యాగ్ అంటే సాగదీత. పాట ముట్టుకోకూడదు, ఫైటు ముట్టుకోకూడదు, కామెడీ ముట్టుకుంటే కుర్చీలు విరుగుతాయి. ఇక మిగిలింది ఎవరూ మాట్లాడని చోటు. అక్కడ కత్తెర వేసి, రెండు చివర్లూ గీకి, సిమెంట్ అనే జిగురు రాసి అతికించేవాణ్ణి. దాన్ని జాయింట్ అంటారు. నా జాయింట్‌ను పట్టుకున్న మొనగాడు ముప్పై ఒక్క ఏళ్లలో లేడు. ఆ గర్వం నాకు బాగానే ఉండేది.

ల్యాప్‌టాప్‌లో కూడా కత్తెర బొమ్మ ఒకటి ఉంటుంది. సినిమా మొదట్లో వచ్చే కంపెనీ ప్రకటనలు తీసేయడానికి సుజాత మేడమే నాకు నేర్పింది. ఆమెకు చెప్పకుండా ఆ తొమ్మిది నిమిషాలు తీసేశాను. తెర మీద ఆడమనిషి పొద్దున చాప అల్లడం మొదలుపెడుతుంది, మరుక్షణం చాప గుమ్మం ముందు పరిచి ఉంటుంది. చూసుకుంటే బ్రహ్మాండంగా కుదిరింది.

ఆదివారం జనం బాగానే వచ్చారు. యాభై మంది దాకా. నేను తెర చూడకుండా తలుపు చూస్తూ కూర్చున్నాను. ఒక్కరు కూడా లేవలేదు. నేను తీసేసిన చోటు వచ్చినప్పుడు సుజాత మేడం వాకిట్లో ఎవరితోనో ఫోన్ మాట్లాడుతోంది, అదీ కలిసొచ్చింది. చివర్లో చెల్లెలు చాప అంచు చేతిలోకి తీసుకుని బోరున ఏడ్చింది. సినిమా అయిపోయింది. హమ్మయ్య అనుకుని లైటు స్విచ్ మీద చెయ్యి పెట్టాను.

"తమ్మీ, జర ఆగు. లైట్ ఎయ్యకు."

ముందు వరుసలో నర్సమ్మ. అరవై అయిదేళ్లు దాటిన మనిషి. మా గద్వాల చీరకు ఒళ్లు నూలు, కొంగు పట్టు. నూలు పోగుకు పట్టు పోగును ఒక్కొక్కటిగా పురిపెట్టి అతకాలి, అతుకు కనపడితే చీర చెడినట్టే. ఆ పనిలో ఆమె తర్వాతే ఎవరైనా అంటారు.

"ఏందక్కా?" అన్నాను.

"గా ఎర్రపోగు యాడికెల్లి వచ్చింది?"

"ఏ పోగు?"

"పొద్దుగాల చాప పట్టినప్పుడు అంత పచ్చి తుంగనే ఉండె. ఎర్రది లేకుండె. ఇప్పుడేమొ అంచుల ఎర్రపోగుంది, చెల్లె దాన్నే పట్టుకొని ఏడుస్తుంది. నడుమ ఏం జరిగింది?"

పక్కనే ఉన్న ఆమె పెనిమిటి తిమ్మప్ప కలగజేసుకున్నాడు. "గది సినిమానే. సినిమాల గట్లనే ఉంటది. నీకు అన్నిట్ల అనుమానమే."

"నువ్వు ఊకో. నలభై ఏండ్ల సంది అతుకుతున్న. అతుకు యాడ పడ్డదో నాకు తెల్వదా?"

వెనక నుంచి ఇంకొకాయన, చాప జానెడు కూడా కాకముందే కోసి పరిచినట్టుందన్నాడు. అందరూ నా వైపు తిరిగారు. వెంకటస్వామి పాపం మంచిగానే అడిగాడు. "కిష్టన్నా, గప్పుడు కరెంటేమన్న పోయి వచ్చిందా?"

అవునంటే అయిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ సుజాత మేడం నా ముఖం చూస్తోంది. ఆమెకు అప్పటికే అర్థమైనట్టుంది.

"కరెంటు పోలే. నేనే తీసేసిన. తొమ్మిది నిమిషాలు. మీరు లేసిపోతరని భయపడ్డ."

"మేమెందుకు లేస్తం?" అంది నర్సమ్మ.

"పోయిన నెల లేసిపోయిండ్రు గదా, సినిమా బాగలేదని."

తిమ్మప్ప నవ్వడం మొదలుపెట్టాడు. "ఓరి నీ పాసుగాల, సినిమా బాగలేదని ఎవడన్నడు? ఆ దినం గంజి పెట్టిన పడుగు పోగులు వాడల సాపి ఉండె. మొగులైంది. తడిస్తే పడుగు పాడైతదని ఒకని ఎనక ఒకడు ఉరికినం. బాయిల నీళ్లు పడ్డయా లేదా అని ఈ నెలంతా కొట్లాడుతున్నం."

నిద్రపోయిన ప్రెసిడెంటుకు ఆ మబ్బు పట్టిన సంగతి తెలియదు. కిటికీలకు నల్లగుడ్డలు కట్టుకుని కూర్చున్న నాకూ తెలియదు. పుట్టి పెరిగింది ఈ ఊళ్లోనే, నేతవాడల మధ్యే. అయినా జనం లేస్తే అది విసుగే అనుకోవడం నాకు అలవాటైపోయింది.

"తీసింది ఉందా, పారేసినవా?" నర్సమ్మ అడిగింది.

"ఉన్నది."

"పెట్టు మరి."

పెట్టాను. తెర మీద ఆ మనిషి ట్రంకుపెట్టె తెరిచింది. చెల్లెలు చిన్నప్పుడు కట్టుకున్న ఎర్ర లంగా తీసింది. దాని అంచు విప్పి, ఒక్కొక్క దారం లాగి, తొడ మీద పురిపెట్టి, తుంగతో కలిపి అల్లడం మొదలుపెట్టింది. నేను జనాన్ని చూశాను. ముప్పై ఒక్క ఏళ్లలో తెర వైపు అట్లా చూసే జనాన్ని చూడలేదు. ఆడవాళ్ల చేతులు ఒడిలో వాటంతట అవే కదులుతున్నాయి. నాలుగో నిమిషంలో ఆమె ఒక పోగు తప్పు వేసింది. నాకు తెలియలేదు. హాలు మొత్తానికి తెలిసింది.

"తప్పువాయె, ఇప్పాలె," అని ఎవరో తెరకు చెప్పారు.

ఆమె వినలేదు, అల్లుతూనే పోయింది. జనం కుర్చీల్లో ముందుకు జరిగారు. జానెడు పోయాక ఆమె ఆగి, వెనక్కి చూసుకుని, మొత్తం విప్పేసింది. "ఆఁ, గట్ల," అంది నర్సమ్మ. మళ్లీ మొదటి నుంచి అల్లింది. చివరి సీను కూడా ఇంకోసారి పెట్టమన్నారు. చెల్లెలు అంచు పట్టుకుంది.

"ఇగ ఏడ్వొచ్చు," అని నర్సమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

వెంకటస్వామి ఆ రోజు నిద్రపోలేదు. పోతూ పోతూ నా భుజం తట్టి, "యోగావాళ్లను పొద్దుగాల రమ్మంట. యోగా పొద్దుగాలనే మంచిదంట గదా," అన్నాడు. సుజాత మేడం మాత్రం వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. నాకు అది తగినదే.

అసలు దెబ్బ ఆ సాయంత్రం వైర్లు చుడుతుంటే తగిలింది. నర్సమ్మ వచ్చి ఎదురుగా నిలబడింది.

"తమ్మీ, అప్పట్ల పెద్ద హాల్ల గూడ ఆపరేటర్‌వి నువ్వేనా?"

"నేనే అక్కా."

"ఎన్ని కోసినవ్?"

లెక్క లేదన్నాను. అప్పుడు చెప్పింది. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు ఇద్దరూ ఒక సినిమాకు వచ్చారట. అందులో హీరోయిన్ కోపంతో మొగుడి బట్టలమూట వీధిలోకి విసిరేస్తుంది. మరుక్షణమే నవ్వుతూ అన్నం వడ్డిస్తుంది. ఆమె ఎందుకు నవ్విందని మొగుడూపెళ్లాం ఇంటికి పోతూ దారంతా కొట్లాడుకున్నారు. ఆడవాళ్ల కోపం అంతేనని తిమ్మప్ప. ఊరికే ఎవతె నవ్వుతుంది, నడుమ ఏదో ఉందని నర్సమ్మ. ఏ పండుగకో పబ్బానికో ఆ కొట్లాట మళ్లీ లేచేదట, ముప్పై ఏళ్లుగా.

నాకు ఆ సినిమా తెలుసు. ఆ కోత కూడా తెలుసు.

సినిమా వెళ్లిపోయేటప్పుడు కోసిన ముక్కలు తిరిగి అతికించి పంపాలి. చాలావరకు పంపేవాణ్ణి. ఊళ్లన్నీ ఆడి చినిగిపోయిన ప్రింట్లు వచ్చినప్పుడు మాత్రం ఎవరూ అడిగేవారు కారు. ఆ ముక్కలు ఒక బిస్కెట్ డబ్బాలో పడేసి, చీటీలు కట్టి పెట్టుకున్నాను. ఎందుకు దాచానో అప్పుడు అడిగితే చెప్పలేకపోయేవాణ్ణి. మంగళవారం పొద్దున వాళ్లిద్దర్నీ ఇంటికి రమ్మన్నాను.

డబ్బా మూత తియ్యగానే పుల్లటి వాసన వచ్చింది. రంగులన్నీ పోయి ఫిల్మంతా ఎర్రబారింది. చీటీ చూసి చుట్ట విప్పి, కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టుకున్నాను. నర్సమ్మ కళ్లజోడు సర్దుకుని ఒక్కొక్క బొమ్మే చూసింది. సినిమాలో మొగుడు బయట అరుగు మీద కూర్చున్నాడు, పక్కన మూట ఉంది. ముందు చిన్నకూతురు కూర్చుంది. అతను ఆ పిల్లకు జడ వేస్తున్నాడు. ఒక పాయ పెద్దది, ఒక పాయ చిన్నది, జడ చెవి మీదికి పోయింది. కిటికీలోంచి పెళ్లాం చూస్తోంది. చివరి బొమ్మలో నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"నేను చెప్పలే?" అంది నర్సమ్మ. ఆ రెండు మాటలు అనడానికి ముప్పై ఏళ్లు ఎదురుచూసిన మనిషి గొంతు అది.

తిమ్మప్ప ఫిల్ము తన చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. ఓడిపోయానని ఒప్పుకోవడానికి ఆయనకు మనసు రాలేదు.

"గింత వంకరగ అయితే నేను ఎన్నడు ఎయ్యలే," అన్నాడు.

"ఇంకా వంకరగ ఏసినవ్. నేను అలిగిన పొద్దు నీతోని మాట్లాడినన్నా? బిడ్డ జడ చూసినంకనే మాట్లాడిన."

ఇద్దరూ నవ్వుకున్నారు. నేను వాళ్ల ముందు దొంగలా నిలబడ్డాను. బస్సు టైముకు సరిపోదని నేను తీసి డబ్బాలో వేసింది ఒక నిమిషం ఇరవై సెకన్లు. సాగదీత అని చీటీ మీద నా చేతిరాతే ఉంది. ఆ చీటీ చింపేసి, ఇంకొకటి రాసి కట్టాను: కోపం తగ్గిన చోటు.