మునిగినవారు

పోయిన కార్తీకంలో రెండో సోమవారం, పొద్దున్న పది గంటలకు, దాదాపు ఖాళీగా ఉన్న యారాడ బస్సులో ఇది జరిగింది. నా పక్కన నడివయసు మనిషి ఒళ్లో కంప్యూటరు పెట్టుకుని ఏదో కొడుతున్నాడు. నేను అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. తెలుగు కనిపిస్తే చదవకుండా ఉండలేను. తెర మీద పెద్ద అక్షరాలు కూడబలుక్కున్నాను: మునిగినవారు. కింద వరసగా పేర్లు.

మా అబ్బాయి గోవిందు చేపల వేటకెళ్లిన పడవ దొరికింది, వాడు దొరకలేదు. శవం లేదు కాబట్టి చనిపోయినవాళ్లలో వాడి పేరు ఎవరూ రాయరు.

"బాబూ, మా గోవిందు పేరుందేటో సూడు."

ఆయన వెతికాడు. "లేదు పెద్దమ్మా. గాలి సిలిండరు కట్టుకుని సముద్రం అడుక్కి దిగేవోళ్లు ఎంత లోతెళ్లారో రాసుకునే సాఫ్ట్‌వేర్ ఇది. జీతం లేదు, తలో చెయ్యీ వేసి తప్పులు దిద్దుతాం. తెలుగు మాటలు నాను పెడతన్నాను."

"దిగినోళ్లు పైకొచ్చీసినారా?"

"అందరూ వచ్చీసినారు."

"మరి మునిగినోళ్లని రాత్తావేటి? మునిగినోడు రాడు. మునిగి తేలినవారని రాయి."

ఆయన పాత మాట చెరిపి, నేను చెప్పింది కొట్టాడు. ఆయనకు ఒక తప్పు తగ్గింది. నాకు ఒరిగిందేమీ లేదు.

ఆ బస్సులో ఉన్నది నేను నూకాలమ్మని, మా తోటికోడలు పైడమ్మ, డ్రైవరు అప్పలరాజు, కండక్టరు సింహాచలం, పేరడగని ఆ మనిషి. గోవిందు పేరు కూడా ఇక్కడ రాద్దామని చెయ్యి వెళ్లింది గానీ, ఉన్నవాళ్లనే రాయాలి కదా.